బలమూ వాహకతా రెండూ ఉన్న రాగి తీగ: క్రోమియం-జిర్కోనియం మిశ్రమంతో ఇంగాట్ నుంచి 2 మి.మీ. తీగ దాకా

స్వచ్ఛమైన రాగిని వేడి చేయకుండా డైలో (రంధ్రం ఉన్న గట్టి అచ్చులో) లాగుతూ పోతే తన్యబలం 400 నుంచి 450 మెగాపాస్కల్ దాకా వస్తుంది. వాహకత మెత్తటి ప్రామాణిక రాగితో పోలిస్తే 97% దగ్గర నిలుస్తుంది. ఇంటి వైరింగుకూ మోటారు వైండింగుకూ అంత బలం కూడా అక్కర్లేదు. చిక్కు ఎక్కడంటే, ఆ తీగను 200 డిగ్రీల పైన కొంతసేపు ఉంచితే లాగి సంపాదించిన బలమంతా జారిపోయి మళ్లీ మెత్తటి రాగే మిగులుతుంది. రైలు ఇంజనుకు పై నుంచి కరెంటు అందించే కాంటాక్ట్ వైరులా బిగువు మీద వేలాడుతూ పెద్ద కరెంటు మోయాల్సిన చోట, వెల్డింగ్ యంత్రాల దగ్గర, పల్స్ అయస్కాంతాల కాయిల్స్‌లో అలాంటి తీగ నిలవదు. అక్కడ కావలసింది 550 మెగాపాస్కల్ దాటిన బలం, 75% పైన వాహకత, 400 డిగ్రీలు తగిలినా మెత్తబడని గుణం.

ఈ మూడూ ఒకే తీగలో తేవడానికి రాగి-క్రోమియం-జిర్కోనియం మిశ్రమం బాగా పనికొస్తుంది. సాధారణ ప్రయోగశాలలోనో చిన్న కర్మాగారంలోనో 10 కిలోల ఇంగాట్ (పోత దిమ్మ) పోసి, 2 మి.మీ. తీగ తీసే పద్ధతి ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా ఉంది. పని మొత్తంలో మీ చేతిలో ఉండాల్సిన ముఖ్యమైన పరికరం నాలుగు తీగల మిల్లీఓమ్ మీటరు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేకపోయినా నష్టం లేదు. లోహం లోపల ఏం జరిగిందో ప్రతి మెట్టు దగ్గరా రెసిస్టెన్సే చెబుతుంది.

ముందు లెక్క: ఎవరు ఎంత దెబ్బ తీస్తారు

వాహకతను ఐఏసీఎస్ శాతంలో చెప్పుకుంటాం. 1913లో కుదిరిన ఈ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 20 డిగ్రీల దగ్గర 1.7241 మైక్రోఓమ్-సెం.మీ. నిరోధకత ఉన్న మెత్తబరచిన రాగి 100%. ఇవాళ్టి శుద్ధమైన రాగి 101% కూడా చూపిస్తుంది.

రాగిలో ఏదైనా మూలకం కరిగి ఉంటే దాని పరమాణువులు ఎలక్ట్రాన్ల దారికి అడ్డం పడతాయి. బరువులో 1% కరిగినప్పుడు నిరోధకత ఎంత పెరుగుతుందో మైక్రోఓమ్-సెం.మీ.లలో చూడండి: జింకు 0.29, వెండి 0.36, నికెల్ 1.4, తగరం 1.65, క్రోమియం 4, మెగ్నీషియం 4.2, సిలికాన్ 7, జిర్కోనియం 10, ఇనుము 10.6, భాస్వరం 14.3, టైటానియం 21.6. ఈ వరస ఎక్కడైనా రాసి గోడకు అంటించుకోవడం మంచిది. ఏ తుక్కు వాడొచ్చు, ఏది వాడకూడదు అన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది.

ఇప్పుడు అసలు కిటుకు. కరిగి ఉన్నప్పుడు 4 యూనిట్ల దెబ్బ తీసే క్రోమియం, రాగిలోంచి బయటికొచ్చి విడి కణాలుగా కూర్చుంటే కేవలం 0.18 మాత్రమే తీస్తుంది. అంటే ఇరవై రెండో వంతు. పైగా ఆ కణాలు కొన్ని నానోమీటర్ల సైజులో, చాలా దగ్గర దగ్గరగా ఉంటే, లోహం వంగడానికి కారణమైన డిస్‌లొకేషన్లు (స్ఫటికంలో వరస తప్పిన చోట్లు) వాటిని దాటలేక ఆగిపోతాయి. బలం పెరిగేది అక్కడే. అందుకే పద్ధతి ఇలా నడుస్తుంది: వేడిలో కరిగించాలి, తప్పించుకునే వ్యవధి ఇవ్వకుండా నీళ్లలో ముంచి బంధించాలి, చల్లగా లాగాలి, ఆ తర్వాత తక్కువ వేడిలో నెమ్మదిగా బయటికి రానివ్వాలి (ఈ చివరి పని పేరు ఏజింగ్). ఈ వరసలో ఒక్కటి తప్పినా తీగ వస్తుంది గానీ అటు బలమో ఇటు వాహకతో ఉండదు.

వేరే మిశ్రమాలు ఎందుకు కాదు అన్నదీ తేల్చుకోవాలి. 2% బెరీలియం ఉన్న రాగి 1200 మెగాపాస్కల్ దాటుతుంది కానీ వాహకత 20-25% దగ్గర ఆగిపోతుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. కాడ్మియం రాగి ఎంతో మంచి తీగ; మన రైల్వేలో 25 కిలోవోల్టుల లైన్లలో కాంటాక్ట్ వైరును మోసే 65 చదరపు మి.మీ. కేటనరీ తాడు (2.10 మి.మీ. తీగలు 19) దానితోనే అల్లుతూ వచ్చారు. అయితే కాడ్మియం పొగ విషం, చిన్న వర్క్‌షాపులో దాని జోలికి పోకూడదు. కాంటాక్ట్ వైర్ల యూరోపియన్ ప్రమాణంలో 0.5% మెగ్నీషియం రాగికి వాహకత 62%, 0.1% వెండి రాగికి 97%. మెగ్నీషియం రకానికి ఏజింగ్ అవసరం లేదు కాబట్టి తయారీ తేలిక, కానీ మెగ్నీషియం కరిగే ఉంటుంది కాబట్టి వాహకత అంతకు మించి రాదు. 24% వెండి కలిపి తీవ్రంగా లాగిన తీగలు 1000 మెగాపాస్కల్ దాటుతాయి, పల్స్ అయస్కాంతాలకు వాడతారు. వెండి ధర భరించగలిగితే అది వేరే దారి.

బలమే ఎక్కువున్నవాటికీ వాహకతే ఎక్కువున్నవాటికీ నడుమ క్రోమియం-జిర్కోనియం రాగి కూర్చుంటుంది. టైటానియం కూడా కలిసిన దీని దగ్గరి చుట్టాన్ని ఇస్రో క్రయోజనిక్ ఇంజన్ల థ్రస్ట్ చాంబర్ లోపలి గోడకు వాడుతుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ ఫ్యూజన్ రియాక్టర్‌లో ప్లాస్మాకు ఎదురుగా ఉండే భాగాల వెనక వేడి లాగేదీ ఈ క్రోమియం-జిర్కోనియం రాగే.

పాళ్లు

ప్రమాణాలు క్రోమియం 0.5 నుంచి 1.5% దాకా, జిర్కోనియం 0.05 నుంచి 0.25% దాకా ఒప్పుకుంటాయి. తీగకు మాత్రం కింది కొస దగ్గరే ఉండండి: క్రోమియం 0.55%, జిర్కోనియం 0.09%. కారణం సూటిగా ఉంది. 980 డిగ్రీల దగ్గర రాగి కరిగించుకోగల క్రోమియం సుమారు 0.4% మాత్రమే. యూటెక్టిక్ ఉష్ణోగ్రత (ఈ రెండూ కలిసి కరగడం మొదలయ్యే వేడి) 1077 దగ్గర కూడా 0.65%కి మించదు. ఎక్కువ వేస్తే కరగని క్రోమియం మైక్రాన్ల సైజు గడ్డలుగా మిగులుతుంది. స్పాట్ వెల్డింగ్ ఎలక్ట్రోడ్‌లో వాటివల్ల నష్టం లేదు. 2 మి.మీ. తీగలో ప్రతి గడ్డా తెగే చోటు అవుతుంది. జిర్కోనియం కరిగే హద్దు ఇంకా తక్కువ, సుమారు 0.15%. అది క్రోమియం కణాలు ముతకబారకుండా ఆపుతుంది, గ్రెయిన్ల (లోహంలోని స్ఫటిక రేణువుల) సరిహద్దుల దగ్గర పెళుసుతనం తగ్గిస్తుంది. అది లేని రాగి-క్రోమియం తీగ మధ్యస్థ వేడిలో సాగకుండా తెగుతుంది.

10 కిలోల చార్జికి (కొలిమిలో ఒకసారి వేసే సరుకుకు) తూకం ఇలా వేసుకోవాలి. క్రోమియం 55 గ్రా. కావాలి, 95% దక్కుతుందనుకుంటే 58 గ్రా. వేయాలి. 10% క్రోమియం ఉన్న మాస్టర్ అల్లాయ్ (ముందే రాగిలో ఎక్కువ పాళ్లలో కలిపి ఉంచిన మిశ్రమం) అయితే అది 580 గ్రా. జిర్కోనియం 9 గ్రా. కావాలి, వాక్యూమ్ కొలిమిలో కూడా 75% దక్కితే గొప్ప, కాబట్టి 12 గ్రా. వేయాలి, అంటే సగం జిర్కోనియం ఉన్న మాస్టర్ అల్లాయ్ 24 గ్రా. మిగతా 9,396 గ్రా. ఆక్సిజన్ లేని రాగి. శుద్ధ క్రోమియం ముక్కలు నేరుగా వేయొద్దు. దాని ద్రవీభవన స్థానం 1907 డిగ్రీలు. రాగి ద్రవంలో ముక్క చుట్టూ ఆక్సైడ్ పొరతో తేలుతూ ఉండిపోతుంది.

రాగి విషయంలో కక్కుర్తి పనికిరాదు. ఎయిర్ కండిషనర్ పైపుల తుక్కు మెరుస్తూ శుభ్రంగా కనిపిస్తుంది, చవకగా దొరుకుతుంది. కానీ ఆ పైపులు భాస్వరంతో ఆక్సిజన్ తీసిన రాగి, వాటిలో 0.015 నుంచి 0.04% భాస్వరం మిగిలి ఉంటుంది. పై పట్టికతో లెక్కిస్తే 0.03% భాస్వరమే 0.43 మైక్రోఓమ్-సెం.మీ. పెంచుతుంది, వాహకత 80%కి పడిపోతుంది. ఇంకా క్రోమియం వేయకముందే ఆట అయిపోయినట్టు. పైగా భాస్వరం జిర్కోనియంతో కలిసి దాన్ని పనికిరాకుండా చేస్తుంది. కొలిమి దగ్గర అలవాటుగా వేసే ఫాస్ఫర్ కాపర్ గుళికలకూ ఇదే కారణంతో సెలవు చెప్పాలి. తగరం పూత ఉన్న తీగ తుక్కు, సోల్డర్ అంటిన బస్‌బార్ ముక్కలు కూడా వద్దు.

కరిగించి పోయడం

వాక్యూమ్ ఇండక్షన్ కొలిమి ఉండాలి. గాలిలో, బొగ్గు పొడి కప్పి కరిగిస్తే క్రోమియం కొంత నిలుస్తుంది, జిర్కోనియం మాత్రం ప్రతిసారీ వేరు వేరుగా పోతుంది. 0.09% అనుకున్నది 0.02% రావచ్చు. ఒకే పదార్థం రెండోసారి రాకపోతే దాన్ని పద్ధతి అనలేం.

మూసగా (లోహం కరిగించే పాత్రగా) క్లే-గ్రాఫైట్ వాడకండి. జిర్కోనియం అందులోని సిలికాను విడగొట్టి తాను ఆక్సైడ్ అయిపోతుంది, విడుదలైన సిలికాన్ రాగిలో కరుగుతుంది. అధిక సాంద్రత గ్రాఫైట్ మూసకు లోపల జిర్కోనియా పూత పూసి, 200 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆరబెట్టి వాడాలి. పూత లేకపోతే క్రోమియం, జిర్కోనియం రెండూ మూస గోడకు కార్బైడ్‌గా అంటుకుంటాయి.

రాగి ముక్కలను పలచని నైట్రిక్ ఆమ్లంలో కడిగి, మంచి నీళ్లతో, ఆ తర్వాత ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. తడి ముక్క ద్రవ రాగిలో పడితే పేలుడే. మూసలో రాగి మాత్రమే పెట్టి 0.01 మిల్లీబార్ దాకా గాలి లాగండి. కరిగాక 1200 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచితే కరిగిన వాయువులు బుడగలుగా పోతాయి. బుడగలు ఆగాక 500 మిల్లీబార్ దాకా ఆర్గాన్ నింపండి. ఆర్గాన్ లేకుండా వాక్యూమ్‌లోనే కొనసాగితే రాగి ఆవిరై కొలిమి గోడలకు అద్దంలా అంటుకుంటుంది, పాళ్లు మారిపోతాయి.

ఇప్పుడు 1250కి పెంచి క్రోమియం మాస్టర్ అల్లాయ్ వేయండి. 12 నుంచి 15 నిమిషాలు ఇండక్షన్ కదలికతోనే కలవనివ్వండి. ఆఖరున, పోయడానికి మూడు నిమిషాల ముందు మాత్రమే జిర్కోనియం. దాన్ని రాగి రేకులో చుట్టి వేస్తే తేలకుండా మునుగుతుంది. 1180-1200 దగ్గర, 150-200 డిగ్రీలకు వేడిచేసిన పోత ఇనుప మోల్డులో సన్నటి, తెగని ధారగా పోయాలి. 60 మి.మీ. వ్యాసం మోల్డయితే ఇంగాట్ సుమారు 40 సెం.మీ. వస్తుంది. పైన వేడి నిలిపే కాలర్ పెట్టండి. రాగి గడ్డకట్టేటప్పుడు కుదించుకుని మధ్యలో గొట్టంలా లోతు దిగుతుంది, ఆ భాగం కోసి పారేయాల్సిందే. పై నుంచి 15-20%, కింది నుంచి 5% కోయండి. లేత్ మీద చుట్టూ 2 మి.మీ. లోతు చెక్కి 56 మి.మీ.కి తెండి. చర్మం మీద చిన్న మడత కనిపించినా ఇంకో అర మిల్లీమీటరు చెక్కాలి. ఇప్పుడు వదిలేసిన మడత 2 మి.మీ. తీగ దగ్గర మీటర్ల పొడవున పొరగా లేస్తుంది.

కోసిన రెండు కొసల నుంచీ ముక్కలు తీసి రసాయన విశ్లేషణకు పంపండి. పైకీ కిందికీ జిర్కోనియం తేడా 0.02% దాటితే కలవడం సరిపోలేదని అర్థం.

వేడిగా సాగదీసి కడ్డీ చేయడం

ఇది సూటి పని. 930 డిగ్రీల దగ్గర గంటన్నర నానబెట్టి, ఫోర్జింగ్ సుత్తి కిందో గ్రూవ్ రోలింగ్ మిల్లులోనో 56 నుంచి 12 మి.మీ. కడ్డీకి తేవాలి. ఉష్ణోగ్రత 750 కంటే దిగకముందే మళ్లీ కొలిమిలో పెట్టండి. అంతకంటే చల్లబడితే అంచులు పగులుతాయి, క్రోమియం ముతక కణాలుగా విడిపోవడం కూడా మొదలవుతుంది. కొలిమిలో హైడ్రోజన్ ఉన్న వాయువు వాడొద్దు. రాగిలో కాస్త ఆక్సిజన్ మిగిలి ఉన్నా అది హైడ్రోజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారి లోపలి నుంచి గ్రెయిన్లను చీలుస్తుంది, కడ్డీ మీద బొబ్బలు లేస్తాయి.

కరిగించి బంధించడం: సొల్యూషన్ ట్రీట్‌మెంట్

ఎక్కువ తీగలు ఇక్కడే చెడతాయి, చెడినట్టు మాత్రం చాలా ఆలస్యంగా తెలుస్తుంది. 12 మి.మీ. కడ్డీలను 980 డిగ్రీల దగ్గర, ఆర్గాన్‌లో, గంటసేపు ఉంచండి. గంట అంటే కొలిమి మీటరు 980 చూపినప్పటి నుంచి కాదు, కడ్డీకి తాకి ఉన్న థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) 970 దాటినప్పటి నుంచి. 1020 దాటితే గ్రెయిన్లు పెద్దవై, లాగినప్పుడు ఉపరితలం నారింజ తొక్కలా గరుకెక్కుతుంది.

తలుపు తెరిచిన దగ్గర్నుంచి నీళ్లలో పడే దాకా 5 సెకన్లు మించకూడదు. నీటి తొట్టి కొలిమి పక్కనే, కనీసం 200 లీటర్లతో, కలుపుతూ ఉండాలి. కడ్డీలను కట్టగా కాకుండా విడివిడిగా వేయండి. కట్ట మధ్యలో కడ్డీ చుట్టూ ఆవిరి దుప్పటిలా నిలబడి నెమ్మదిగా చల్లారుతుంది.

ఇప్పుడు మిల్లీఓమ్ మీటరు తీయండి. సుమారు 0.4% క్రోమియం, 0.09% జిర్కోనియం కరిగి ఉంటే నిరోధకత 1.72 + 1.6 + 0.9, అంటే దాదాపు 4.2 మైక్రోఓమ్-సెం.మీ. కావాలి. వాహకత 40-45%. మీటరు అదే చూపిస్తే సంతోషించండి. ఇక్కడ తక్కువ రావడమే శుభం. 55-60% వచ్చిందంటే క్రోమియం కరగలేదు, లేదా చల్లార్చేటప్పుడే బయటికొచ్చేసింది. అలాంటి కడ్డీని ముందుకు పంపొద్దు. మళ్లీ కొలిమిలో పెట్టడమే మందు. కాఠిన్యం కూడా ఇప్పుడు తక్కువే ఉండాలి, 60-75 వికర్స్.

కొలత సరిగా ఉండాలంటే

రెసిస్టెన్స్ మీద ఇంత ఆధారపడుతున్నప్పుడు కొలతలో 5% తప్పు వస్తే నిర్ణయాలన్నీ తప్పుతాయి. కరెంటు పంపే క్లిప్పులు రెండు బయట, వోల్టేజి కొలిచే కత్తి అంచు కాంటాక్టులు రెండు లోపల, వాటి మధ్య కచ్చితంగా 1 మీటరు. 2 మి.మీ. తీగకు 1 ఆంపియర్ చాలు, మందపాటి కడ్డీకి 10 ఆంపియర్లు. కరెంటు దిశ తిప్పి మళ్లీ కొలిచి సగటు తీసుకోండి, కాంటాక్టుల దగ్గర వేడి తేడాతో పుట్టే వోల్టేజి కొట్టుకుపోతుంది. 80% వాహకత ఉన్న 2 మి.మీ. తీగ మీటరుకు 6.86 మిల్లీఓమ్‌లు చూపాలి, 4 మి.మీ. తీగ 1.71.

మే నెలలో వర్క్‌షాపు 38 డిగ్రీలు ఉంటుంది. 20 డిగ్రీల విలువకు సరిదిద్దకపోతే 80% తీగ మీద దాదాపు 5.5% తప్పు. శుద్ధ రాగి ఉష్ణ గుణకం డిగ్రీకి 0.00393, మిశ్రమానికి దాన్ని వాహకత శాతంతో గుణించి వాడండి, 80% తీగకు 0.0031. వ్యాసం మైక్రోమీటరుతో కొలిస్తే 2 మి.మీ. దగ్గర 0.01 తప్పు వైశాల్యంలో 1% అవుతుంది. అంతకంటే తూకం నమ్మదగింది: మీటరు ముక్కను తూచి, 8.9 సాంద్రతతో వైశాల్యం లెక్కించండి. 2 మి.మీ. తీగ మీటరుకు 28 గ్రా.

మొదటి లాగుడు: 12 నుంచి 4 మి.మీ.

కంసాలి కమ్మచ్చులో బంగారు తీగ తీసే పనీ ఇదీ ఒకటే సూత్రం: ఒక్కో రంధ్రానికి కొంచెమే తగ్గించాలి. ఒక్కో డైలో వైశాల్యం 18% తగ్గిస్తే 11 డైలు పడతాయి. వరస ఇది: 10.87, 9.84, 8.91, 8.07, 7.31, 6.62, 5.99, 5.43, 4.91, 4.45, 4.03 మి.మీ. టంగ్‌స్టన్ కార్బైడ్ డైలు, కోణం పూర్తిగా 14 డిగ్రీలు, లోపల సమతలంగా ఉండే బేరింగ్ పొడవు తీగ వ్యాసంలో మూడో వంతు. లూబ్రికెంటుగా నీళ్లలో 8-10% నూనె ఎమల్షన్, 40 డిగ్రీల దగ్గర. మొదలుపెట్టే ముందు కడ్డీని 10% గంధకామ్లంలో కడగండి. క్రోమియం ఆక్సైడ్ పూర్తిగా కరగదు కాబట్టి తీగ బ్రష్‌తో రుద్ది తీరాలి, లేకపోతే అది డైని గీస్తుంది.

మధ్యలో ఎక్కడా మెత్తబరచడానికి వేడి చేయొద్దు. మామూలు రాగి తీగ పనిలో ఉన్నవాళ్లకు గట్టిపడిన తీగను ఎనీల్ చేయాలనిపిస్తుంది. ఇక్కడ ఎనీల్ చేస్తే ఏజింగ్ అదుపు లేకుండా మొదలైపోతుంది. బంధించిన క్రోమియం ఇంకా కరిగే ఉంది కాబట్టి ఈ తీగ 89% తగ్గింపును ఓర్చుకుంటుంది.

ఈ లాగుడు ఏజింగ్‌కు ముందే ఎందుకంటే, లాగినప్పుడు పుట్టే డిస్‌లొకేషన్ల వెంట క్రోమియం పరమాణువులు వేగంగా కదులుతాయి, కణాలు మొదలవడానికి లక్షల చోట్లు దొరుకుతాయి. కణాలు సన్నగా, విస్తారంగా వస్తాయి. లాగని కడ్డీకి ఏజింగ్ 480 డిగ్రీల దగ్గర జరిగితే, ఇంతగా లాగిన తీగకు 430-450 చాలు.

ఏజింగ్: మీ తీగకు మీ గ్రాఫే

పుస్తకంలోని ఒక్క ఉష్ణోగ్రత పట్టుకుని మొత్తం చుట్టను కొలిమిలో పెట్టకండి. పాళ్లలో, లాగుడులో చిన్న తేడా ఉన్నా సరైన చోటు 20-30 డిగ్రీలు జరుగుతుంది. 4 మి.మీ. తీగ నుంచి ఒక్కొక్కటి 1.2 మీటర్ల ముక్కలు పన్నెండు కోయండి. 400, 425, 450, 475 డిగ్రీల దగ్గర, ఒక్కోచోట 1, 2, 4 గంటలు. ప్రతి ముక్కకూ వాహకత, వికర్స్ కాఠిన్యం కొలిచి ఒకే కాగితం మీద గీయండి.

సాధారణంగా కనిపించేది ఇది. 400 దగ్గర కాఠిన్యం ఇంకా పెరుగుతూ ఉంటుంది, వాహకత 65-70% దగ్గర తచ్చాడుతుంది. 425-450 దగ్గర కాఠిన్యం 160-175తో శిఖరానికి చేరి, వాహకత 75-80%కి వస్తుంది. 475 దగ్గర నాలుగు గంటలకు వాహకత 82-85% అందుకుంటుంది గానీ కాఠిన్యం 140కి జారుతుంది. కణాలు ముతకబారాయి, లాగి తెచ్చిన బలం కూడా కొంత కరిగింది. శిఖరానికి సరిగ్గా కాకుండా, దాటి కొంచెం కుడివైపు ఉన్న చోటు ఎంచుకోండి. తర్వాత లాగుడు ఇంకా ఉంది కాబట్టి బలం మళ్లీ వస్తుంది. వాహకత మాత్రం ఇప్పుడు రాకపోతే ఇక రాదు.

అసలు చుట్టను వదులుగా చుట్టి, ఆర్గాన్‌లో లేదా 0.01 మిల్లీబార్ వాక్యూమ్‌లో పెట్టండి. చుట్ట బయటి పొరకూ లోపలి పొరకూ ఒక్కో థర్మోకపుల్ ఉండాలి, తేడా 5 డిగ్రీలు మించకూడదు. వాక్యూమ్‌లో వేడి నెమ్మదిగా చేరుతుంది కాబట్టి సమయం లోపలి థర్మోకపుల్ నుంచే లెక్కపెట్టాలి.

రెండో లాగుడు: 4 నుంచి 2 మి.మీ.

75% తగ్గింపు, ఏడు డైలు. కణాలు ఉన్న తీగ ఇప్పుడు మొండిగా ఉంటుంది. తగ్గింపును 17-18% నుంచి పెంచకండి, వేగం సగానికి తగ్గించండి. వాహకత 2 నుంచి 4% పడుతుంది, బలం 560-620 మెగాపాస్కల్‌కు చేరుతుంది. చివర్లో 280 డిగ్రీల దగ్గర గంటసేపు ఆర్గాన్‌లో ఉంచితే లాగుడు ఒత్తిడి తగ్గి వాహకత 1-2% తిరిగొస్తుంది, తీగ నిటారుగా నిలుస్తుంది. 10 కిలోల ఇంగాట్‌లో కోతలు, చెక్కుళ్లు, ఏజింగ్ పరీక్ష ముక్కలు పోను 5 కిలోలు మిగిలితే తీగ సుమారు 180 మీటర్లు.

తీగ చెడితే ఎక్కడ వెతకాలి

వాహకత తక్కువ, కాఠిన్యం కూడా తక్కువ: ఏజింగ్ చాలలేదు, కణాలు ఇంకా రాలేదు. అదే ముక్కను మళ్లీ 440 దగ్గర ఇంకో గంట పెట్టి చూడండి. రెండూ పెరిగితే అనుమానం తీరినట్టే. వాహకత ఎక్కువ, కాఠిన్యం తక్కువ అయితే రెండు కారణాలు ఉండొచ్చు. ఏజింగ్ ఎక్కువైంది, లేదా సొల్యూషన్ ట్రీట్‌మెంట్ నాడే క్రోమియం కరగలేదు. ఏది అన్నది తేల్చేది ఆ రోజు రాసిపెట్టుకున్న 40-45% అంకె. రాసుకోకపోతే తేల్చలేరు, అందుకే ప్రతి మెట్టు దగ్గరా కొలవాలన్నది.

కాఠిన్యం బాగుంది, వాహకత మాత్రం ఎంత ఏజింగ్ చేసినా 70% దాటడం లేదు అంటే మలినం ఉంది. భాస్వరం, ఇనుము, సిలికాన్ కోసం విశ్లేషణ చేయించండి. 0.03% ఇనుము కరిగి ఉంటే ఒక్కటే 0.3 మైక్రోఓమ్-సెం.మీ. తింటుంది. ఇనుము చాలాసార్లు కొలిమిలో కలిపే ఇనుప కడ్డీ నుంచే వస్తుంది. గ్రాఫైట్ కడ్డీకి మారండి. సిలికాన్ అయితే మూస పూత రాలిందేమో చూడండి.

తీగ లాగుతుండగా తెగితే తెగిన రెండు కొసలూ దాచండి. ఒకవైపు గిన్నెలా, ఒకవైపు శంకువులా ఉంటే మధ్యలో పగుళ్లు ముందే పుట్టాయి: డై కోణం ఎక్కువ, తగ్గింపు తక్కువ అన్న జోడీ దానికి కారణం. ఉపరితలం సాగి మధ్య భాగం సాగక లోపల చీలుతుంది. కోణాన్ని 12 డిగ్రీలకు తగ్గించి, ఈ ఒక్క సందర్భంలో మాత్రం తగ్గింపును 20%కి పెంచితే ఆగిపోతుంది. తెగిన చోట భూతద్దంలో బూడిద రంగు చుక్క కనిపిస్తే అది కరగని క్రోమియం గడ్డ లేదా జిర్కోనియం ఆక్సైడ్. మొదటిదైతే తర్వాతి చార్జిలో క్రోమియం 0.5%కి తగ్గించండి, రెండోదైతే పోసేటప్పుడు ధార చెదిరి గాలి కలిసింది, లేదా పైన తేలే మడ్డి ఇంగాట్‌లోకి వెళ్లింది. తెగుడు మోల్డు అడుగు వైపు నుంచి వచ్చిన తీగలోనే తరచుగా ఉంటే పోత మొదట్లో చిమ్మిన చుక్కలు గోడకు గడ్డకట్టి తర్వాత కలిసిపోకుండా ఉండిపోయాయి. అడుగు కోత 5 నుంచి 8%కి పెంచండి.

పొరలు లేవడం దాదాపు ఎప్పుడూ ఇంగాట్ చర్మం పాపమే. డై గీతలు అయితే తీగ పొడవునా ఒకే గడియారపు స్థానంలో ఉంటాయి, పొరలు అలా ఉండవు; తేడా వేలితో తడిమినా తెలుస్తుంది.

ఆఖరి పరీక్షలు, మిగిలిన తుక్కు

తన్యబలం, వాహకత చుట్ట రెండు కొసల నుంచీ తీయాలి. 3% కంటే తేడా ఉంటే ఏజింగ్ కొలిమిలో వేడి సమానంగా లేదు. తీగను దాని వ్యాసమంత కడ్డీ మీద ఎనిమిది చుట్లు చుట్టి, విప్పి భూతద్దంతో చూడండి, చీలిక కనపడకూడదు. ఆ తర్వాత అసలు పరీక్ష: 400 డిగ్రీల దగ్గర గంట ఉంచి చల్లార్చి తన్యబలం మళ్లీ కొలవండి. మొదటి విలువలో 85%కి పైగా నిలవాలి. పక్కనే గట్టిగా లాగిన మామూలు రాగి తీగ ముక్కను కూడా పెట్టండి. అది 220-250 మెగాపాస్కల్‌కు దిగిపోతుంది. కొలిమి నిజంగా వేడెక్కిందనడానికి అదే సాక్ష్యం.

కోతల తుక్కును మామూలు రాగి తుక్కులో ఎప్పుడూ కలపొద్దు. అందులోని జిర్కోనియం, క్రోమియం వేరేవాళ్ల వైండింగ్ తీగ వాహకతను పాడుచేస్తాయి. విడిగా పెట్టి, పేరూ చార్జి నంబరూ రాసి, తర్వాతి చార్జిలో 20-25% దాకా వాడుకోవచ్చు. అప్పుడు తుక్కులోని క్రోమియాన్ని విశ్లేషణ అంకెతో తీసేసి మాస్టర్ అల్లాయ్ తగ్గించండి. తుక్కులోని జిర్కోనియాన్ని మాత్రం సున్నాగానే లెక్కవేసి 12 గ్రా. పూర్తిగా కొత్తగా వేయండి, ఎందుకంటే మళ్లీ కరిగించేటప్పుడు అది ఎంత దక్కుతుందో ముందుగా లెక్కకు అందదు. లేత్ మీద వచ్చిన సన్నటి చెక్కుళ్లను కరిగించొద్దు. వాటి మీది నూనె, ఆక్సైడ్ రెండూ నేరుగా ఇంగాట్‌లోకి వస్తాయి.